జ్ఞానయాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్

దేశాటనం వల్ల, పండితుల చెలిమి వల్ల మనిషికి వివేకం అబ్బుతుందని పెద్దల మాట. ఆ రెండింటి కోసం ప్రాణాలను పణంగా పెట్టి చైనా నుండి భారతదేశానికి తరలివచ్చిన మహనీయుడు హ్యూయన్‌త్సాంగ్. ఏడవ శతాబ్దపు భారతదేశాన్ని గురించి తెలుసుకోగోరేవారికి ఆయన యాత్రారచన నేటికీ ముఖ్యమైన ఆధారం. ఆయన బయలుదేరింది గ్రంథాల కోసం. కాని ఆ గ్రంథాల దాకా ఆయనను చేర్చినవారు దారిలో ఎదురైన అపరిచితులు. వారి ఔదార్యం, వారిపట్ల ఆయన చూపిన కృతజ్ఞత కలిసి ఆ మహాయాత్రకు పరిపూర్ణతను చేకూర్చాయి.

హ్యూయన్‌త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతంలో లొయాంగ్ నగర సమీపంలో ఒక పండిత కుటుంబంలో జన్మించాడు. అన్నగారు బౌద్ధభిక్షువు. ఆయన అడుగుజాడలలోనే హ్యూయన్‌త్సాంగ్ చిన్ననాడే విహారంలో చేరి, ఇరవయ్యవ ఏట సంపూర్ణ భిక్షుదీక్ష స్వీకరించాడు. చదివిన కొద్దీ ఆయనకు సందేహాలు పెరిగాయి. ఒకే విషయాన్ని ఒక్కొక్క గురువు ఒక్కొక్క విధంగా వివరించేవాడు. చైనా భాషలోని అనువాదాలు కొన్ని అసంపూర్ణంగా, మరికొన్ని పరస్పర విరుద్ధంగా ఉండేవి. మూలగ్రంథాలను స్వయంగా చదివితే తప్ప సత్యం బోధపడదని ఆయన నిశ్చయించుకున్నాడు. ముఖ్యంగా యోగాచారభూమిశాస్త్రాన్ని అభ్యసించాలన్నది ఆయన కోరిక. అయితే ఆ రోజులలో తాంగ్ వంశపు చక్రవర్తి తైజుంగ్ ప్రజలు సరిహద్దులు దాటి వెళ్ళడాన్ని నిషేధించాడు. అనుమతి లభించకపోవడంతో హ్యూయన్‌త్సాంగ్ 629 ప్రాంతంలో రాజధాని చాంగాన్ నుండి రహస్యంగా బయలుదేరాడు.

సరిహద్దులోని కావలి బురుజు దగ్గర చీకటిలో నీరు తెచ్చుకోబోగా సైనికులు ఆయనపై బాణాలు వేశారు. పట్టుబడిన భిక్షువును శిక్షించవలసిన అధికారి, ఆయన సంకల్పం విని చలించిపోయాడు. ఆహారం, నీరు ఇచ్చి, ముందున్న దారి చెప్పి పంపించాడు. ఆ తరువాత ఎదురైనది మహా మరుభూమి. పక్షి లేదు, మృగం లేదు, గడ్డిపరక కూడ లేదు. ఒకచోట చేయిజారి నీటితిత్తిలోని నీరంతా ఇసుకపాలయింది. దిక్కుతోచక కొంత దూరం వెనుదిరిగాడు. అంతలో తన ప్రతిజ్ఞ గుర్తుకు వచ్చింది. తూర్పుకు మరలి బ్రతకడం కంటె పడమటికి సాగి మరణించడమే మేలని తలచి మళ్ళీ ముందుకే కదిలాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు గొంతు తడవలేదు. చివరకు, ఆ దారి ఎరిగిన ఆయన ముసలి గుర్రమే పచ్చికను, నీటిమడుగును పసిగట్టి ఆయన ప్రాణాలు నిలిపింది.

ఎడారి దాటిన యాత్రికునికి గావోచాంగ్ రాజ్యంలో ఊహించని స్వాగతం లభించింది. ఇది నేటి తుర్ఫాన్ ప్రాంతం. అక్కడి రాజు పరమభక్తుడు. భిక్షువు విద్వత్తుకు ముగ్ధుడై తమ దేశానికి గురువుగా ఉండిపొమ్మని వేడుకున్నాడు. వేడుకోలు క్రమంగా నిర్బంధంగా మారింది. హ్యూయన్‌త్సాంగ్ వాదించలేదు, పారిపోనూ లేదు. అన్నపానాలు మానివేశాడు. నాలుగవ రోజుకు ఆయన శరీరం కృశించడం చూసి రాజు సిగ్గుపడి క్షమాపణ కోరాడు. తిరుగు ప్రయాణంలో మూడేళ్ళు తన రాజ్యంలో ఉండాలని మాత్రం అర్థించాడు. హ్యూయన్‌త్సాంగ్ మాట ఇచ్చాడు. ఆపైన నెల దినాలు అక్కడ శాస్త్రం బోధించాడు. గురువు పీఠమెక్కే ప్రతిసారీ రాజు మోకరిల్లి తన వీపునే మెట్టుగా చేసేవాడట. వీడ్కోలు వేళ ఆ రాజు ఇరవై ఏళ్ళ ప్రయాణానికి సరిపడే బంగారం, వెండి, పట్టువస్త్రాలు, ముప్పై గుర్రాలు ఇచ్చాడు. దారిలోని 24 రాజ్యాల ప్రభువులకు లేఖలు కూడ వ్రాసి ఇచ్చాడు. దొంగచాటుగా దేశం దాటిన భిక్షువు ఇప్పుడు రాజాదరణ పొందిన యాత్రికుడైనాడు.

మంచుతో కప్పబడిన టియాన్‌షాన్ పర్వతాలను దాటేటప్పుడు తోడు వచ్చినవారిలో పలువురు చలికి, ఆకలికి మరణించారు. ఆవలి వైపున తురుష్క ప్రభువు ఖాన్ విందు చేశాడు. అందరికీ మాంసం, మద్యం వడ్డించి, భిక్షువు నియమాన్ని గౌరవించి ఆయనకు మాత్రం ద్రాక్షరసం, పాలు, తేనె సమర్పించాడు. భారతదేశపు ఎండలకు తట్టుకోలేవంటూ వారించి చూశాడు. విననందుకు కోపించలేదు. పైగా చైనా భాష తెలిసిన దుబాసిని తోడిచ్చి పంపాడు. అక్కడి నుండి సమర్‌ఖండ్ మీదుగా బామియాన్ చేరి, కొండలో తొలిచిన మహోన్నత బుద్ధ విగ్రహాలను ఆయన దర్శించాడు. 2001లో ఆ విగ్రహాలు ధ్వంసం కాగా, వాటి పూర్వవైభవాన్ని వర్ణించిన సాక్షులలో హ్యూయన్‌త్సాంగ్ ఒకడుగా మిగిలాడు.

కాశ్మీరంలో రెండేళ్ళు చదువుకొని ఆయన గంగాతీరానికి వచ్చాడు. అక్కడ పడవలో పోతుండగా దొంగలు పట్టుకున్నారు. రూపవంతుడైన ఈ విదేశీయుని దుర్గాదేవికి బలి ఇవ్వాలని నిశ్చయించారు. ఆయన కొద్ది సమయం మాత్రం అడిగి ధ్యానంలో మునిగిపోయాడు. అంతలో పెనుగాలి లేచి చెట్లు కూలాయి, పడవలు తలక్రిందులైనాయి. భయపడిన దొంగలు ఆయన పాదాలపై పడి మన్నింపు కోరారు. ఆయన వారికి ధర్మం ఉపదేశించి ముందుకు సాగాడు.

చిరకాల స్వప్నమైన నలందలో ఆయనకు వయోవృద్ధుడు, జ్ఞానవృద్ధుడు అయిన ఆచార్య శీలభద్రుడు గురువుగా లభించాడు. ప్రవేశం కోరి వచ్చినవారిని ద్వారం వద్దనే ప్రశ్నలతో పరీక్షించి, అధికులను త్రిప్పి పంపే విద్యాలయమది. అక్కడ ఆయన సుమారు ఐదేళ్ళు యోగాచారభూమిశాస్త్రంతోపాటు వ్యాకరణాది శాస్త్రాలను కూడ అభ్యసించాడు.

తరువాత దక్షిణాపథానికి వస్తూ 639 ప్రాంతంలో ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. ఇక్కడి ప్రజల మాటతీరు మధ్యదేశపు భాషకు భిన్నమనీ, లిపి పద్ధతి మాత్రం చాలవరకు ఒకటేననీ గుర్తించాడు. అమరావతి ప్రాంతమైన ధాన్యకటకంలో విహారాలు అనేకం శిథిలమై ఉండడం చూశాడు. అయినా అక్కడే సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు తారసపడ్డారు. వారి వద్ద ఆయన కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. నలందలో ఇంతటివాడైన విద్వాంసుడు పాడుబడుతున్న విహారాల నడుమ తిరిగి శిష్యుడు కావడానికి వెనుకాడలేదు.

ఉత్తరాదికి మరలిన తరువాత కామరూప రాజు భాస్కరవర్మ, ఆపైన హర్షచక్రవర్తి ఆయనను ఆహ్వానించారు. ఆ ఇరువురూ ఒకే ప్రశ్న వేశారు. చైనా రాకుమారుని విజయాలను కీర్తించే ఒక గానాన్ని తాము విన్నామనీ, ఆ రాకుమారుడెవరనీ అడిగారు. ఆ రాకుమారుడే తైజుంగ్ చక్రవర్తి. ఎవరి ఆజ్ఞను దాటి వచ్చాడో ఆ ప్రభువు కీర్తినే వేల క్రోసుల దూరంలో పరదేశీయులకు వివరించవలసి రావడం ఆ యాత్రలోని మరొక వింత. 643లో కన్యాకుబ్జంలో హర్షుడు మహాసభ జరిపి ఆయన పాండిత్యాన్ని లోకానికి చాటాడు.

ప్రయాగలో వీడ్కోలు సమయాన, సముద్రమార్గాన వెళ్ళదలిస్తే తన మనుషులను తోడు పంపుతానని హర్షుడు తెలిపాడు. హ్యూయన్‌త్సాంగ్ అంగీకరించలేదు. గావోచాంగ్ రాజుకు ఇచ్చిన మాట ఆయన మనస్సులో మెదలుతూనే ఉంది. ఆ ఒక్క మాట కోసం ఎడారులు, మంచుకొండలు ఉన్న పాత దారినే ఎన్నుకున్నాడు. సింధునదిని దాటేటప్పుడు పడవ కుదుపునకు గురై 50 వ్రాతప్రతులు నీటిపాలైనాయి. అంతకంటె పెద్ద దుఃఖం ముందు కాచుకొని ఉంది. గావోచాంగ్‌ను 640లోనే తైజుంగ్ సేనలు జయించాయి. ఆ రాజు మరణించాడు. తాను మాట నిలుపుకొనడానికి వస్తుంటే, ఆ మాటను స్వీకరించవలసినవాడే లేడు. దయ చూపిన రాజ్యాన్ని రూపుమాపినది తన దేశపు సైన్యమే. విధివైపరీత్యమంటే ఇదే.

అనుమతి లేకుండా వెళ్ళినందుకు క్షమించమని ఖోటాన్ నుండి ఆయన చక్రవర్తికి విన్నపం పంపాడు. ఆదరపూర్వకమైన సమాధానం వచ్చింది. 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరినప్పుడు జనం వీధులలో నిండిపోయారు. చక్రవర్తి ఉన్నతపదవి ఇవ్వజూపినా ఆయన స్వీకరించలేదు. రాజు కోరికపై 646లో తన యాత్రావిశేషాలను గ్రంథస్థం చేయించి, మిగిలిన జీవితమంతా అనువాదానికే అంకితం చేశాడు. డెబ్బైకి పైగా గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. 654లో నలందకు లేఖ వ్రాస్తూ గురువు శీలభద్రుని మరణానికి దుఃఖించి, సింధునదిలో పోయిన గ్రంథాల పట్టికను జతపరచి వాటి ప్రతులను పంపవలసిందిగా కోరాడు. 664లో ఆయన కన్నుమూశాడు.

పన్నెండు శతాబ్దాల తరువాత అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ నలంద శిథిలాల స్థలాన్ని నిర్ధారించడానికి హ్యూయన్‌త్సాంగ్ వర్ణనే తోడ్పడింది. ఆశ్రయమిచ్చి విద్య గరపిన నలందకు శిష్యుడు తీర్చుకున్న ఋణమది. గావోచాంగ్ రాజు ఋణం మాత్రం తీరనే లేదు. అయినా దానిని తీర్చడానికి ఆయన ఎన్నుకున్న కఠినమైన దారి, ఆయన మోసుకువచ్చిన గ్రంథాలకు ఏ మాత్రం తీసిపోని జ్ఞానాన్ని మనకు బోధిస్తుంది.