పాతాళ జలాలలో ప్రాణసూత్రం: షెక్ ఎక్స్‌లీ జీవితం

నీటిచుక్క కోసం నేలను తవ్వుకొనే సీమ మనది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షానికి అటూఇటూగా మాత్రమే నోచుకొన్న అనంతపురం పీఠభూమిలో పుట్టి పెరిగినవారికి, నీట మునిగి ప్రాణం పోగొట్టుకోవడమన్నది ఎక్కడో దూరదేశపు ముచ్చటగా తోచవచ్చును. కాని మన పాతబావుల సంగతి తెలిసినవారు అట్లా తలచరు. కపిల తోలిన కాలంలో పల్లెపల్లెకూ లోతైన బావులుండేవి. పూడిక తీయడానికి మనిషి దిగే ముందు పెద్దలు ఒక దీపాన్ని తాడుకు కట్టి లోనికి వదిలేవారు. దీపం ఆరిపోతే లోపలి గాలి చెడినదని గ్రహించి ఎవ్వరినీ దిగనిచ్చేవారు కారు. దిగినవాని నడుముకు మోకు ఉండేది. ఆ మోకు కొస గట్టుమీద నమ్మకమైన మనిషి చేతిలో ఉండేది. ఈత నేర్చే పిల్లవాని వీపుకు ఎండు సొరకాయబుర్ర కట్టేవారు. లోనికి పోకముందే వెలుపలికి వచ్చే దారి చూచుకొనవలెనన్న నియమాన్ని మన పెద్దలు ఏ గ్రంథమూ చదవకుండానే పాటించారు.

ఇదే నియమాన్ని ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన తావులలో, అనగా నీటితో నిండిన చీకటి గుహలలో, పరిశీలించి, లెక్కకట్టి, గ్రంథస్థం చేసి, తుదకు అట్టి నీటిలోనే కన్నుమూసిన ఒక గణితోపాధ్యాయుడున్నాడు. ఆయన పేరు షెక్ ఎక్స్‌లీ. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఎక్స్‌లీ 1949 ఏప్రిల్ 1వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫ్లారిడా రాష్ట్రంలో, జాక్సన్‌విల్ నగరంలో జన్మించారు. ఫ్లారిడా నేల అడుగున ఉన్నది సున్నపురాయి. మన తాడిపత్రికి కొద్ది దూరంలో, నేటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల సమీపాన ఉన్న బెలుం గుహలను చూచినవారికి ఆ రాతి స్వభావం సులభంగా బోధపడుతుంది. బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు పగుళ్లలోకి ఇంకి, వేలాది ఏండ్లుగా సున్నపురాతిని కరిగించగా భూగర్భంలో సొరంగాలు ఏర్పడతాయి. బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త లోకానికి తెలియజేశారు. 1982-83లో జర్మను గుహాన్వేషకుడు డేనియల్ గెబావర్ బృందం వాటిని శోధించి కొలిచింది. 3,229 మీటర్ల పొడవుగల ఆ గుహలలో అధికభాగం నేడు పొడిగానే ఉన్నది. మిక్కిలి లోతున, పాతాళగంగ అనే చోట మాత్రం నీరు కంటబడి, మరల రాళ్ల సందులలోకి అదృశ్యమవుతుంది. ఆ గుహలు పైకప్పు వరకు నీటితో నిండి, దీపమొక్కటీ లేకుండా ఉంటే ఎట్లుండునో ఊహించుకొంటే, ఫ్లారిడాలోని జలగుహలు మన కంటికి కడతాయి.

ఎక్స్‌లీ తన పదహారవ ఏట, 1965లో, వీపున గాలి సిలిండరు కట్టుకొని నీట మునగడం నేర్చారు. దీనినే స్కూబా డైవింగ్ అంటారు. అదే సంవత్సరం జలగుహలోనూ ప్రవేశించారు. ఇరవై మూడేండ్లు నిండునప్పటికి వేయి పర్యాయాలు జలగుహలలోకి పోయి వచ్చిన ప్రథమ వ్యక్తిగా ఖ్యాతి గడించారు. జీవితకాలంలో ఆ లెక్క నాలుగు వేలు దాటింది. అయినను ఆయన వృత్తి బడిపంతులుది. ఉన్నత పాఠశాల పిల్లలకు గణితం బోధించి, మిగిలిన కాలాన్ని గుహలకు అర్పించారు.

సముద్రంలో మునిగేవానికీ గుహలో మునిగేవానికీ ఒక పెద్ద భేదమున్నది. సముద్రంలో ఆపద వస్తే పైకి తేలడమే దారి. గుహలో పైకి తేలితే తల రాతికి తగులుతుంది. వచ్చిన దారినే, వచ్చినంత దూరమూ మరలి పోవలెను. గుహ అడుగున మెత్తని ఒండ్రు పేరుకొని ఉంటుంది. పాదాలు ఒక్కసారి అజాగ్రత్తగా ఆడిస్తే ఆ ఒండ్రు లేచి, స్ఫటికంవంటి నీరు క్షణంలో బురదవుతుంది. అప్పుడు చేతిలోని దీపం కూడా కనిపించదు. 1960, 70 దశకాలలో ఫ్లారిడా జలగుహలలో ఎందరో యువకులు ఈ విధంగా మరణించారు. వారిలో సముద్రపు ఈతలో ఆరితేరినవారు, ఇతరులకు శిక్షణ ఇచ్చే గురువులు కూడా ఉన్నారు. ఆ గుహలను శాశ్వతంగా మూసివేయవలెనన్న వాదమూ బయలుదేరింది. మృతదేహాలను వెలికితీయవలసి వచ్చినప్పుడు పిలుపు అందుకొన్న కొద్దిమందిలో ఎక్స్‌లీ ఒకరు.

అట్టి విషాదాన్ని పదేపదే చూచినవాడు గుహలను విడిచిపెట్టడమో, మృతులను విధికి వదలి ఊరుకోవడమో సహజం. ఎక్స్‌లీ ఈ రెండూ చేయలేదు. గణితోపాధ్యాయుడు తప్పిన లెక్కను తిరిగి చేయించినట్లు, ఆయన ఒక్కొక్క మరణాన్నీ మొదటినుండి విప్పి చూశారు. ఎక్కడ తప్పు జరిగింది? ఏ అడుగు వేయకుంటే ఆ మనిషి బ్రతికేవాడు? ఈ పరిశోధన ఫలితంగా 1979లో జలగుహలలో ప్రాణరక్షణను గురించిన ఆయన చిన్న పుస్తకం వెలువడింది. అందులో ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క ప్రమాద వృత్తాంతంతో ఆరంభమై, దానినుండి నేర్చుకొనవలసిన నియమాన్ని వివరిస్తుంది. జలగుహలలో మరణాలను తగ్గించిన గ్రంథాలలో దానికి అగ్రస్థానమిస్తారు.

అధిక సంఖ్యాకుల మరణాలకు మూడు కారణాలున్నట్లు ఆయన తేల్చారు. మొదటిది, వెలుపలి నుండి లోపలి వరకు తెగని తాడు పరచుకొంటూ పోకపోవడం. రెండవది, తిరుగు ప్రయాణానికి చాలినంత గాలి మిగుల్చుకొనకపోవడం. మూడవది, మితిమీరిన లోతుకు దిగడం. సూత్రమనే మాటకు మన భాషలో దారమనీ, నియమమనీ రెండర్థాలున్నాయి. ఎక్స్‌లీ బోధించిన మొదటి సూత్రం నిజంగా దారమే. కన్ను పనిచేయని చోట ఆ తాడును వేళ్ల నడుమ పట్టుకొని వెలుగులోకి రావలెను.

రెండవ సూత్రం గణితం. గాలిని మూడు భాగాలు చేయవలెను. ఒక భాగం లోనికి పోవడానికి, ఒక భాగం వెలికి రావడానికి, మిగిలిన భాగం ఆపదకు. ఈ మూడవ భాగం ఎందుకని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. ఇద్దరు జతగా పోయి, చెరి ఒక వంతు గాలి వాడుకొని, గుహలో చివరి తావు చేరారనుకొందాం. సరిగా అక్కడ ఒకని సిలిండరు పాడైతే, రెండవవాని వద్ద ఉన్నవి రెండు వంతులు. తిరిగి రావడానికి చెరి ఒక వంతు కావలెను. లెక్క సరిపోయింది, ఇద్దరూ బ్రతికారు. అయితే ఒక్క చిటికెడు గాలి కూడా అదనంగా మిగలలేదు. భయంతో ఊపిరి వేగం పెరిగితే ఈ లెక్క కూడా చాలదు. కనుకనే జాగ్రత్తపరులు ఒక వంతు పూర్తి కాకముందే వెనుదిరుగుతారు. ఆ మూడవ వంతు తన కోసం దాచుకొన్నది కాదు, తోటివాని కోసం మోసుకొని పోయినదని గ్రహిస్తే, ఈ లెక్కలోని మానవత్వం కూడా తెలుస్తుంది.

మూడవ సూత్రం లోతుకు సంబంధించినది. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. నలభై మీటర్ల లోతున ప్రతి ఊపిరికీ గట్టుమీదకంటె ఐదింతల గాలి ఖర్చవుతుంది. గాలిలోని నత్రజని మత్తుపదార్థంవలె పనిచేసి వివేకాన్ని మందగింపజేస్తుంది. తరువాతివారు ఈ మూడింటికి మరి రెండు చేర్చారు: తగిన శిక్షణ లేనిదే గుహలో ప్రవేశించరాదు, ఒక్కొక్కరు కనీసం మూడు దీపాలు తీసుకొని పోవలెను.

ఆ శిక్షణ మెట్లుమెట్లుగా సాగుతుంది. పగటి వెలుగు కనిపించే గుహాముఖమే మొదటి తరగతి. ఆ వెలుగు దాటి ఒక్క అడుగు వేయడానికి కూడా ఆ తరగతివారికి అనుమతి లేదు. ఒండ్రు లేవకుండా కప్పవలె కాళ్లు ఆడించడం, దీపాలార్పి తాడును తడుముకొంటూ రావడం, తప్పిపోయిన తాడును చీకటిలో వెదకడం, ఒకే సిలిండరు గాలిని ఇద్దరు పంచుకొనడం, ఇవన్నీ ముందు గట్టుమీద, ఆపైన నీటిలో, అలవాటయ్యేవరకు అభ్యసించవలెను. శ్వాసగొట్టం పాడైనప్పుడూ, తోటివాడు ఆపదలో ఉన్నప్పుడూ అక్కరకు వచ్చే రెండవ శ్వాసగొట్టాన్ని అందరూ వాడే అలవాటు స్థిరపడడానికి ఎక్స్‌లీయే ముఖ్య కారకుడు. అమెరికా జాతీయ గుహాన్వేషక సంఘంలో ఏర్పడిన జలగుహా విభాగానికి ఆయనే ప్రథమాధ్యక్షుడు.

ఇంతటి జాగ్రత్తపరుడు మరొకవంక లోతులకు ఆకర్షితుడు కావడం ఈ జీవితంలోని వైచిత్ర్యం. నత్రజని మత్తును తప్పించుకొనడానికి హీలియం కలిపిన వాయు మిశ్రమాలతో ఆయన మెక్సికోలోని మాంతే నదీ జన్మస్థానంలో 1988లో 238 మీటర్లు, 1989లో 264 మీటర్లు దిగారు. అట్టి లోతుకు దిగడం నిమిషాల పని. దేహంలో కలిసిన వాయువులు మెల్లగా విడిపోయేవరకు ఆగి ఆగి పైకి రావడం గంటలకొద్దీ పని. 1993లో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్‌గాట్‌లో 263 మీటర్లు దిగినప్పుడు ఆయన దేహం అదుపు తప్పి వణికింది, చూపు చెదిరింది. అయినా ప్రాణాలతో తిరిగి వచ్చారు.

1994 ఏప్రిల్ 6. నలభై ఐదవ జన్మదినం గడచి ఐదు దినాలు. మెక్సికోలోని తమౌలిపాస్ రాష్ట్రంలో, 300 మీటర్లకు పైగా లోతుగల సకాతోన్ అనే సహజ కూపంలోకి ఎక్స్‌లీ, జిమ్ బౌడెన్ అనే మరొక నిపుణుడు వేర్వేరు తాళ్ల వెంట ఒకేసారి దిగారు. గట్టుమీద వేచి ఉన్నవారికి కొంతసేపటికి ఒక్కరి ఊపిరి బుడగలు మాత్రమే కనిపించాయి. బౌడెన్ 282 మీటర్లు దిగి, ప్రయాసతో తిరిగి వచ్చారు. ఎక్స్‌లీ రాలేదు. కొన్ని దినాల తరువాత తాడును పైకి లాగినప్పుడు ఆయన దేహం ఆ తాడుకే చుట్టుకొని పైకి వచ్చింది. చేతి యంత్రంలో నమోదైన గరిష్ఠపు లోతు 268 మీటర్లు. మరణకారణం నిర్ధారణ కాలేదు.

నియమాలు వ్రాసినవాడే నీటిలో పోయినప్పుడు ఆ నియమాల విలువ ఏమిటని కొందరు అడుగుతారు. మేము కూడా ఈ ప్రశ్నను చాలాసేపు ఆలోచించాము. ఎక్స్‌లీ మరణం ఆయన సూత్రాలను కొట్టివేయలేదు, మూడవ సూత్రాన్ని ధ్రువపరచింది. మిత్రుడనీ, గురువనీ, నాలుగు వేల పర్యాయాలు వచ్చినవాడనీ నీరు ఎవ్వరికీ మినహాయింపు ఇవ్వదు. ఇతరుల మరణాలను నిర్దాక్షిణ్యంగా పరిశీలించిన ఆ ఉపాధ్యాయుని మరణాన్ని కూడా అదే దృష్టితో చదవడమే ఆయనకు మనమీయగల గౌరవం.

2018లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరద చొచ్చి, పన్నెండుమంది బాలురు, వారి శిక్షకుడు చిక్కుకొన్న వార్త మనమందరం ఆతురతతో విన్నాము. సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ సమాన్ కునాన్ అనే మాజీ నావికుడు జూలై 6న ప్రాణాలర్పించారు. జూలై 8 నుండి 10 వరకు డైవర్లు ఆ పదముగ్గురినీ వెలికితెచ్చారు. ఆ బురదనీటిలో వారికి దారి చూపినది చేతికి తగిలే తాడే. వారిని నిలిపినది ముందుగా వేసుకొన్న గాలి లెక్కే.

మా విద్యార్థులలో జలగుహలకు పోయేవారు ఉండకపోవచ్చు. కాని వానలు పడ్డ ఏట నిండిన క్వారీ గుంతలు, పాతబావులు, చెరువులు మన చుట్టూ ఉన్నాయి. సెలవుదినాన స్నేహితుల కేకలకు ఉబ్బి దూకిన పిల్లల కథలు ఏ ఊరి నడిగినా చెబుతుంది. ఉర్దూలో జోష్ అనీ, హోష్ అనీ రెండు మాటలున్నాయి. మొదటిది ఉత్సాహం, రెండవది తెలివిడి. మొదటిదానికి యౌవనంలో కొదువ లేదు, రెండవదానిని నేర్చుకొనవలెను. లోతు తెలియని నీటిలో దూకకుండుట, ఒంటరిగా దిగకుండుట, మునిగేవానికి ముందు తాడో కర్రో పైపంచో అందించుట, ఇవే మన ప్రథమ పాఠాలు. సిలిండరులో ఇంకా రెండు వంతులు ఉండగానే వెనుదిరిగినవాడు పిరికివాడు కాడు. తన కోసం గట్టుమీద ఎదురుచూచేవారిని మరువనివాడు. బావిలోకి ముందు దీపాన్ని దించిన మన పెద్దలు చెప్పినదీ, ఫ్లారిడా గణితోపాధ్యాయుడు లెక్కకట్టి చూపినదీ ఈ ఒక్క సంగతే.