బ్రౌనింగ్ గారి పనిబల్ల

పోలీసు ఆయుధశాలలో ఆర్మరర్‌గా ఉండగా ఒక పాత 9 ఎం.ఎం. బ్రౌనింగ్ పిస్తోలు నా బల్లమీదికి వచ్చింది. పేలిన తూటా గుల్లను బయటికి లాగే కొక్కెం అరిగిపోయింది. కొత్తది దొరకలేదు. ఆకురాయి పట్టి చేసే నేర్పు నాకు లేదు.

ఆ పిస్తోలుకు శ్రీకారం చుట్టిన జాన్ బ్రౌనింగ్ 1855లో అమెరికాలోని ఆగ్డెన్‌లో జన్మించారు. తండ్రి జోనథన్ తుపాకుల దుకాణంలో విరిగినవి విప్పి బిగిస్తూనే పని నేర్చారు. తొలి పేటెంటు 1879లో. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్తోలూ ఆయనదే. మా రోజుల్లో 58 ఏళ్ళకే విశ్రాంతి. ఆయన మాత్రం 71 ఏళ్ళ వయసులో, 1926 నవంబరు 26న, బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారంలో పనిమీద ఉండగానే గుండె ఆగి మరణించారు. సగంలో ఆగిన పిస్తోలును సైవ్ అనే సహచరుడు పూర్తిచేయగా 1935లో వెలువడింది.

నా బల్లమీది పిస్తోలును బాగుచేసింది కూడా రిటైరైన ఒక ఆర్మరరే. కబురు పెడితే కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి, రెండు రోజులు కూర్చున్నారు.