కర్నల్ సి. కె. నాయుడు

ఆవని కొండ దిగువనున్న బయలులో సాయంకాలమున మన బాలురు మూడు కఱ్ఱలు పాతి క్రికెట్టు ఆడుచుందురు. బ్యాటు ముందుగా ఎవరికి దక్కవలెనను తగవు తప్ప అచట వేఱొక భేదము కానరాదు. కోలారు బంగారు గనులకు పోయినవారు జింఖానా మైదానమను పేరు వినియుందురు. ఈ యాట మన దేశమునకు ఎవరి వెంట వచ్చెనో ఆ పేరే తెలుపును. మొదట అది దొరల ఆట. పిమ్మట మహారాజుల ఆట. దొరయు రాజును కాని యొక తెలుగువాడు భారత జట్టునకు తొలి టెస్టు నాయకుడైన వృత్తాంతమే ఇచట వ్రాయుచున్నాను.

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వీరి పూర్వులు మచిలీపట్నము వారు. తాతగారును తండ్రిగారును న్యాయవాదులు. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో చదివినవారు. మన వలెనే తెలుగునాటికి వెలుపల పుట్టి, ఇతర భాషలు మాటాడు బాలుర నడుమ పెరిగిన కనకయ్య, నాగపురపు హిస్లాప్ పాఠశాల జట్టునకు నాయకుడయ్యెను. పొడవైన విగ్రహము, చక్కని అంగసౌష్ఠవము. హాకీ, ఫుట్‌బాలు మొదలగు ఆటలందును ఆయనకు నేర్పు కలదు.

ఆ కాలమున బొంబాయిలో హిందువులు, పార్సీలు, మహమ్మదీయులు, ఐరోపావారు వేర్వేరు జట్లుగా ఏర్పడి పోటీ నడుపుచుండిరి. ఆటను మతములవారీగా పంచుట నేడు మనకు వింతగా తోచును. కాని దేశమందలి మేటి ఆట అదియే. 1916లో నాయుడుగారు హిందూ జట్టున చేరి ఐరోపావారిపై మొదటి పెద్ద ఆట ఆడిరి. జట్టు ఏడు వికెట్లు పోగొట్టుకొని యున్న వేళ ఆయన దిగెను. మూడు బంతులను నిదానముగా ఆపి, నాలుగవ బంతిని సిక్సరుగా కొట్టెను.

1923లో ఇందోరు నేలిన హోల్కారు మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యమున కాప్టెను పదవి నొసగెను. తరువాతి కాలమున ఆయన కర్నలైరి. ఆట కొఱకు కూలి పుచ్చుకొనక, కొలువు చేసికొనుచు ఆడిన ఆటగాడాయన.

ఆయన పేరు దేశమంతట మ్రోగినది 1926 డిసెంబరు 1న. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు ఇంగ్లండు నుండి వచ్చియుండెను. భారతీయులకు సభ్యత్వమే లేని బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టుతో ఆట. సోమర్సెట్ కౌంటీ ఆటగాడు గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేసి ప్రేక్షకులను విభ్రాంతులను చేసెను. దానికి జవాబు నాయుడుగారి బ్యాటు చెప్పినది. రెండు గంటలు నిండకముందే 153 పరుగులు. అందు పదునొకండు సిక్సర్లు. వార్త నగరమున ప్రాకగా జనులు మైదానమునకు పరుగెత్తి వచ్చిరట. చోటు చాలక చెట్లపైనను మేడలపైనను ఎక్కి చూచిరట. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించిరి. భారతీయులు టెస్టు ఆటలకు తగినవారని గిల్లిగన్‌కు నమ్మిక కలిగెను. 1928లో భారత క్రికెట్టు బోర్డు ఏర్పడుటకు ఆనాటి ఆటయు ఒక కారణము.

1932లో మన జట్టు ఇంగ్లండునకు పోయినపుడు నాయకత్వము పోర్‌బందరు మహారాజునకును, ఉపనాయకత్వము లింబ్డీ రాజకుటుంబీకుడైన ఘనశ్యామసింహజీకిని దక్కెను. నాయుడుగారికి రెంటిలో ఏదియు దక్కలేదు. ఇంగ్లండులోను ఆ కాలమున జీతము పుచ్చుకొను ఆటగాండ్రకు ఒక ద్వారము, కులీనులకు వేఱొక ద్వారము ఉండెడివి; కనుక ఈ తెగులు మనకే అంటినది కాదు. మహారాజు మాత్రము తన శక్తి నెఱిగిన పెద్దమనిషి. టెస్టునందు ఆడక తప్పుకొనెను. ఘనశ్యామసింహజీ గాయపడెను. అట్లు జూన్ 25న లార్డ్స్ మైదానమున నాయుడుగారు మన తొలి టెస్టు జట్టును నడిపించిరి. ఒక న్యాయవాది కుమారుని క్రింద ఆడుట జట్టులో కొందఱికి రుచింపలేదని చెప్పుదురు.

ఇంగ్లండు తరఫున మొదట దిగిన హోమ్స్, సట్క్లిఫ్‌లు కొలది దినముల క్రిందటనే తమ యార్క్‌షైరు కౌంటీకి 555 పరుగుల జోడి కట్టిన ఘనులు. వారిని మహమ్మద్ నిస్సార్ వెంటనే పడగొట్టెను. 19 పరుగులకు ఇంగ్లండు మూడు వికెట్లు పోయినవి! ఫీల్డింగు చేయుచు నాయుడుగారు చేయి గాయపఱచుకొనిరి. ఆ చేతితోనే ఆడి 40 పరుగులు చేసిరి. మొదటి ఇన్నింగ్సులో మనవారందఱిలో అదియే ఎక్కువ. 158 పరుగుల తేడాతో మనము ఓడితిమి.

ఆ పర్యటనలో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసిరి. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన యొక బంతి రీ నదిని దాటెను. ఆ నది ఒకప్పుడు వార్విక్‌షైరు, వూస్టర్‌షైరు కౌంటీలకు సరిహద్దు; ఒక జిల్లాలో కొట్టిన బంతి వేఱొక జిల్లాలో పడినదని చెప్పుదురు! 1933లో విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాండ్రలో నిలిపెను.

1933-34లో జార్డీన్ జట్టుపై జరిగిన మూడు టెస్టులకును ఆయనయే నాయకుడు. కాని 1936 పర్యటనకు నాయకత్వము మరల రాజవంశమునకే పోయెను. ఈమాఱు విజయనగర రాజకుమారుడు; ఆయనయు తెలుగు దేశమువాడే. జట్టు చీలికలతో కుమిలినది. నాయుడుగారును మెత్తనివారు కారు. సైనికుని క్రమశిక్షణ, కఠినమైన మాట, రాజీ యెఱుగని స్వభావము ఆయనకు విరోధులను తెచ్చినవి. ఓవల్ టెస్టులో ఆలెన్ వేసిన వేగపు బంతి ఆయన ఱొమ్మును తాకెను. చూచువారు భయపడిరి, ఆయన మరల నిలిచి 81 పరుగులు చేసిరి. అదియే ఆయన ఆడిన చివరి టెస్టు. మొత్తము ఏడు టెస్టులలో 350 పరుగులు. ఆటగాని పరువమంతయు టెస్టులు లేని యేండ్లలోనే గడచిపోయినది గదా!

ఇతరులు ఆట మానుకొను వయస్సున ఆయన ఇందోరులో కుఱ్ఱవాండ్రను తీర్చిదిద్దుచుండిరి. హోల్కారు జట్టు 1946 మొదలు 1953 వఱకు నాలుగుమాఱులు రంజీ ట్రోఫీ గెలిచెను. బొంబాయితో ఆడునపుడు ఫడ్కర్ బంతి తగిలి ఆయన పండ్లు రెండు ఊడిపడినవి. వయస్సు అప్పటికి యాభైయైదు నిండినది. పడిన పండ్లను పిచ్చిమీదినుండి త్రోసివేసి, తరువాతి బంతికి సిద్ధమైరి.

1953-54లో, ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన తఱుణమున, ఆంధ్ర జట్టు తరఫునను ఆడిరి. 1956లో పద్మభూషణ బిరుదము లభించెను. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టున చేరి, అఱువదియొకటవ యేట రాజస్థాన్‌పై 84 పరుగులు చేసిరి. అందు వినూ మన్కడ్ బంతులను రెండింటిని సిక్సర్లుగా కొట్టిరి. 1963లో ఒక సహాయార్థపు పోటీలో చివరిమాఱు మైదానమున దిగినపుడు ఆయనకు 68 ఏండ్లు. 1967 నవంబరు 14న ఇందోరులో కన్నుమూసిరి.