తంతివార్తకు బాట వేసిన వైద్యుడు

సూర్యాపేటనుండి కోదాడకు పోవు రహదారి ప్రక్కను ఒక్కొక్కప్పుడు లోతైన గోతులు కనబడుచుండును. గోతిలో ఒక పనివాడు కూర్చుండి రెండు కేబుళ్ల కొనలను అతుకుచుండును. మిర్యాలగూడ ప్రాంతమున ఈ పని మరింత కష్టము. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు పారు వరిచేల నడుమ నేల పెక్కునెలలు తడిసియే యుండును. విద్యుత్తును, టెలిఫోను మాటలను మోయు తీగలు ఆ తడినేలలోనే ఏండ్లతరబడి పడియుండవలెను.

కేబులు పొడవునను కవచముండును గనుక అక్కడ భయము తక్కువ. అతుకు వేయుటకై ఆ కవచమును కోసినచోటనే ప్రమాదము. నేలలోని నీటియందు లవణములు కరగియుండును. అట్టి నీరు విద్యుత్తునకు దారి యిచ్చును. సన్నని చీలికగుండ తేమ లోపలికి చొచ్చినను చాలును, తీగలోని విద్యుత్తు గమ్యము చేరక భూమిలోనికి జారిపోవును. అందుచేత నేర్పరియైన పనివాడు తన చేతిచెమట సైతము లోపలి తీగల కంటకుండ జాగ్రత్తపడును. మన దేశమున ఈ తేమతో మొట్టమొదట పోరాడినవాడు ఇంజనీరు కాడు, ఒక వైద్యుడు. ఆయన పేరు విలియం బ్రూక్ ఓషానెసీ.

ఓషానెసీ ఐర్లండులోని లిమరిక్ పట్టణమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి 1829లో పట్టము పొందెను. 1831లో ఇంగ్లండున కలరా ప్రవేశించి జనులను హరింపసాగెను. ఓషానెసీ కలరా రోగుల రక్తమును పరీక్షించి, దానియందలి నీరును లవణములును మిక్కిలి తరిగిపోవుచున్నవని కనుగొనెను. పోయినవానిని తిరిగి రక్తమునకు చేర్చుటయే తగిన చికిత్స యని ప్రకటించెను. మరుసటి యేడు థామస్ లాటా అను వైద్యుడు ఉప్పునీటిని రక్తనాళములలోని కెక్కించి కొందరు రోగులను బ్రదికించెను. నేడు ఆసుపత్రులలో ఎక్కించు సెలైనునకు మూలము ఆ పరిశోధనయే.

1833లో ఓషానెసీ ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి కలకత్తాకు వచ్చెను. అచ్చట 1835లో స్థాపింపబడిన వైద్యకళాశాలలో రసాయనశాస్త్రమును బోధించెను. ఆ దినములలో ఒక ఊరి వార్త మరియొక ఊరికి పోవలెనన్న తపాలాబంటు కాళ్లే శరణ్యము. కలకత్తానుండి దూరప్రాంతములకు జాబు చేరుటకు వారములు పట్టుచుండెను. విద్యుత్తుచే వార్తను క్షణములో పంపవచ్చునని ఓషానెసీ నమ్మెను.

1839లో ఆయన కలకత్తా సమీపమున, హుగ్లీనది యొడ్డున నున్న వృక్షోద్యానమునొద్ద వెదురుగడలు నాటి, వానిపై కొన్ని మైళ్ల పొడవున తీగను సాగదీసెను. గట్టుపై పని సులువుగనే సాగెను. కాని నది నెట్లు దాటించుట? వట్టి తీగను నీటిలో ముంచినచో విద్యుత్తు నీటిపాలగును. రబ్బరువలె తీగను కప్పు సరకు ఆయనకు దొరకలేదు. అప్పుడు ఆయన తీగకు తారు పూసి, చీల్చిన పేముబద్దలను దానిచుట్టు పొదిగి, ఆపైన తారులో నానిన నారపురిని బిగియచుట్టించెను. ఇవి యన్నియు బుట్టలల్లువారును పడవలు నడుపువారును ఎరిగిన వస్తువులే. ఆ తీగ నది యడుగునుండి సంకేతములను మోసెను.

ప్రయోగము ఫలించినను పాలకులు దానిని పట్టించుకొనలేదు. పదేండ్లు గడచెను. ఓషానెసీ పాఠములు చెప్పుకొనుచు ఓర్పుతో వేచియుండెను. 1848లో గవర్నరు జనరలుగా వచ్చిన డల్‌హౌసీ ప్రభువు ఆయన మాటను మన్నించెను. నదీముఖమునకు వచ్చు ఓడల వార్త రాజధానికి వెంటనే తెలియుటకై, కలకత్తానుండి డైమండ్ హార్బరు రేవునకు సుమారు 30 మైళ్ల తంతిమార్గము 1851లో సిద్ధమయ్యెను.

ఈ మార్గములో కొంతభాగమును భూమిలో పూడ్చిరి. సన్నని తీగలకు మారుగా ఇనుపకడ్డీలను కొనలు కలిపి అతికిరి. కరగిన తారులో ముంచిన మదరాసు బట్టను వానికి రెండు పొరలుగా చుట్టిరి. ఇంటికప్పున వేయు పెంకులను గోతిలో వరుసగా పేర్చి, కడ్డీని వానిలో నుంచి, గుగ్గిలమును ఇసుకను కలిపి కరగించి పోసిరి. బట్ట, తారు, పెంకు, గుగ్గిలము – వీనిలో ఏది చెడినను తేమ చొచ్చును. నదులను దాటుచోట మలయాదేశపు చెట్టుపాలతో చేయు గట్టాపర్చా కప్పిన తీగను వాడిరి. ఓడల లంగరులు తగిలి అది తెగకుండ బరువైన ఇనుపగొలుసును తోడుగ నమర్చిరి.

ఈ శ్రమ అంతయు ఒక్కనిది కాదు. శివచంద్ర నంది యను వంగదేశీయుడు ఓషానెసీకి కుడిభుజమై నిలిచెను. ఇంజనీరింగు పాఠశాలలో చదువకపోయినను పనిలోనే పని నేర్చుకొనెను. డైమండ్ హార్బరునుండి తొలి సంకేతమును పంపినవాడు ఆయనయే. తరువాత చేపలుపట్టు పడవలను కూర్చుకొని పద్మానదిలో 7 మైళ్ల కేబులును వేయించిన ఘనతయు ఆయనదే.

1852లో రంగూను పట్టుబడిన వార్త, దానిని తెచ్చిన ఓడకంటె ముందుగ తీగమీద కలకత్తాకు చేరెను. దేశమంతట తంతి వేయుటకు అనుమతి లభించెను. 1853లో పని మొదలుపెట్టగా, 1854 మార్చిలో ఆగ్రానుండి కలకత్తాకు వార్త వచ్చెను. 1855లో తంతి ప్రజలకును అందుబాటులోనికి వచ్చెను. 1856 నాటికి బొంబాయి, మదరాసు, పెషావరులను కలుపుచు సుమారు 4,000 మైళ్ల తీగ ఏర్పడెను. ఆ యేడు ఓషానెసీకి సర్ బిరుదము లభించెను.

ఒక సత్యమును మరువరాదు. తంతి మొదట పాలకుల చేతికే బలము నిచ్చెను. 1857లో తిరుగుబాటు వార్తలను వారికి వేగముగ చేరవేసెను. తిరుగుబాటుదారులు అనేకస్థలములలో తీగలను తెంచివేసిరి. అయినను కాలక్రమమున తంతి సామాన్యుని సొత్తయ్యెను. చావుకబురును, పెండ్లికబురును, ఉద్యోగపు కబురును అదియే మోసెను.

ఓషానెసీ పిమ్మట స్వదేశమునకు మరలి, 1889 జనవరి 8వ తేదీన ఇంగ్లండులోని సౌత్‌సీలో పరమపదించెను. మన దేశమున తంతివార్తల సేవ 2013 జూలైలో నిలిచిపోయెను. కాని ఆయన ఎదుర్కొన్న సమస్య నిలిచిపోలేదు. తారుబట్టకు బదులు సీసపు తొడుగులును, పిమ్మట వేడి తగిలిన ముడుచుకొని కేబులును బిగియబట్టు ప్లాస్టిక్ గొట్టములును వచ్చినవి. ఉపకరణములు మారినను నియమ మొక్కటే: అతుకును పొడిగ నుంచుము, గట్టిగ కప్పుము, నీటికి సందీయకుము.

గోతిని పూడ్చినపిమ్మట అతుకు ఎవరికిని కనబడదు. దానిని శ్రద్ధతో వేసిన పనివాని పేరును ఎవరును అడుగరు. అయినను వానకాలపు రాత్రి సూర్యాపేటలో ఆసుపత్రి దీపము వెలుగుచున్నదన్నను, కోదాడలోని తల్లి పిలుపు దూరాన నున్న బిడ్డకు వినబడుచున్నదన్నను, ఆ కనబడని శ్రద్ధయే కారణము. నూటెనుబది యేండ్లకు పూర్వము హుగ్లీ యొడ్డున తీగకు నారపురి చుట్టించిన వైద్యుడు మనకు చూపిన మార్గ మిదియే.