ఫ్రాంక్ లాయిడ్ రైట్

ఫ్రాంక్ లాయిడ్ రైట్ (జూన్ 8, 1867 – ఏప్రిల్ 9, 1959) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ వాస్తుశిల్పి. ఇక్కడ వాస్తు అనగా దిక్కులనుబట్టి శుభాశుభాలు నిర్ణయించే శాస్త్రం కాదు, భవన నిర్మాణ కళ అని గ్రహించాలి. డెబ్బై సంవత్సరాలకు పైగా సాగిన వృత్తిజీవితంలో ఇతడు వెయ్యికి పైగా కట్టడాలకు రూపకల్పన చేయగా, వాటిలో ఐదువందలకు పైగా నిర్మించబడ్డాయి. న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వంటి పెద్ద భవనాలు ఇతనికి కీర్తి తెచ్చాయి. అయితే కొండవాలున ఇల్లు ఎక్కడ నిలపాలి, ఎదుటి కొండలను ఇంటివారి కంటికి ఎలా దగ్గర చేయాలి అనే విషయంలో ఇతడు చూపిన మార్గం అంతకంటె ముఖ్యమైనదని చెప్పవచ్చు.

బాల్యం, తొలి వృత్తి

రైట్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిచ్‌లాండ్ సెంటర్‌లో జన్మించాడు. తండ్రి మతబోధకుడు, సంగీతజ్ఞుడు. తల్లి అన్నా లాయిడ్ జోన్స్ వేల్స్ నుండి వలసవచ్చిన కుటుంబానికి చెందినది. తల్లి తరపువారికి స్ప్రింగ్ గ్రీన్ సమీపాన ఒక లోయలో పొలాలు ఉండేవి. వేసవి సెలవులలో మేనమామ పొలంలో పనిచేస్తూ ఆ లోయ చుట్టూ ఉన్న కొండలను రైట్ బాగా ఎరిగాడు.

1887లో షికాగో చేరి, కొంతకాలానికి లూయీ సల్లివన్ వద్ద పనికి కుదిరాడు. 1893లో స్వంతంగా వృత్తి ప్రారంభించాడు. బల్లపరుపు మైదానాలకు తగినట్లు పొట్టి పైకప్పులు, వెడల్పాటి చూరులు, వరుస కిటికీలు గల ఇళ్ళు కట్టి పేరు పొందాడు. 1909లో భార్యను, ఆరుగురు పిల్లలను విడిచి, తనచే ఇల్లు కట్టించుకొన్న ఒకరి భార్య మేమా బోర్త్‌విక్‌తో యూరపు వెళ్ళాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తిరిగివచ్చిన పిదప పాతచోట తలెత్తుకొని తిరగలేక, 1911లో తల్లి కొనిన స్థలంలో, చిన్ననాడు తిరిగిన కొండమీదనే ఇల్లు కట్టుకొన్నాడు.

టాలియెసిన్

ఆ ఇంటిపేరు టాలియెసిన్. ఇది ప్రాచీన వేల్స్ కవి పేరు. మెరిసే నుదురు అని దీనికి అర్థం. రైట్ ఇంటిని కొండ నడినెత్తిన పెట్టలేదు. శిఖరాన్ని ఖాళీగా విడిచి, దాని క్రిందుగా, నుదుటి భాగాన, కొండను చుట్టివచ్చేటట్లు గదులను అమర్చాడు. కొండ నెత్తిన కట్టితే ఇల్లు మిగులుతుంది గాని కొండ మిగలదని ఇతని అభిప్రాయం. ఈ ఒక్క సూత్రం తెలిసికొంటే రైట్ తరువాతి ఇళ్ళు చాలావరకు అర్థమవుతాయి.

గోడలకు దగ్గరలోని గనినుండి సున్నపురాయి తెచ్చి, గనిలో పొరలు ఎలా ఉన్నవో అలాగే ఎగుడుదిగుడుగా పేర్పించాడు. గోడపూతలో సమీపపు నది ఇసుక కలిపించాడు. పైకప్పుల వాలు చుట్టుపట్ల కొండల వాలును పోలి ఉంటుంది. 1953లో లోయ మీదికి సుమారు 40 అడుగుల పొడవున సన్నని వసారా ఒకటి చేర్చాడు.

1914 ఆగష్టు 15న రైట్ షికాగోలో ఉండగా, ఒక పనివాడు ఇంటికి నిప్పంటించి, గొడ్డలితో దాడిచేశాడు. మేమా, ఆమె ఇద్దరు పిల్లలతో సహా ఏడుగురు మరణించారు. రైట్ ఇంటిని మరల కట్టాడు. 1925లో నివాసభాగం రెండవసారి దగ్ధమయింది. ఈసారి విద్యుత్ తీగల లోపమే కారణమని భావించారు. అప్పుచేసి మూడవసారి కట్టాడు. అప్పు తీరక ఇల్లు బ్యాంకు చేతికి పోగా, మిత్రులు వాటాలు వేసుకొని విడిపించారు. ఇంత జరిగినా ఆ కొండను విడువలేదు.

1928లో ఒల్గివానాను వివాహమాడాడు. 1932లో వారు ఇక్కడే ఒక శిక్షణాలయం నెలకొల్పారు. తరువాతి కాలంలో అహమ్మదాబాదుకు చెందిన గిరా సారాభాయ్ రైట్ వద్ద పనిచేసింది. ఆ ఊరిలో కాలికో మిల్లుల దుకాణానికి రైట్ 1940లలో గీసిన నమూనా మాత్రం నిర్మాణానికి నోచుకోలేదు.

జలపాతంపై ఇల్లు

పిట్స్‌బర్గ్ వ్యాపారి ఎడ్గార్ కాఫ్‌మన్‌కు పెన్సిల్వేనియా కొండలలో, బేర్ రన్ అనే వాగు ఒడ్డున స్థలం ఉండేది. ఎదుట జలపాతం కనబడేలా ఇల్లు వస్తుందని ఆయన ఆశించాడు. 1935లో రైట్ జలపాతం మీదనే ఇంటిని నిలిపాడు. గదులలో నీటి సవ్వడి వినిపిస్తుంది, జలపాతం కనిపించదు. ఒకవైపు మాత్రమే ఆధారం గల కాంక్రీటు వసారాలు వాగుమీదికి చొచ్చుకొని ఉంటాయి. పైకప్పు తక్కువ ఎత్తున ఉండుటవలన చూపు పైకి పోక నేరుగా బయటి చెట్లమీదికి మళ్ళుతుంది. మూల కిటికీలు తెరిస్తే మూలలో స్తంభమే ఉండదు. పొయ్యి వద్ద కొండరాతిని తొలగించక అలాగే ఉంచారు.

దీనికి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. వసారాలలో ఇనుము చాలదని ఇంజనీర్లు శంకించి, రైట్‌కు తెలియకుండా అదనంగా వేశారు. అయినను దన్నుకర్రలు తీయగానే అవి క్రుంగాయి, తరువాతి దశాబ్దాలలో మరింత వంగాయి. 2002లో ఉక్కుత్రాళ్ళు బిగించి వాటిని నిలబెట్టవలసి వచ్చింది. కప్పు కారడం సరేసరి. రైట్‌ను పొగిడే పుస్తకాలు ఈ సంగతిని తేలికగా దాటవేయడం న్యాయం కాదు.

ఎడారి నివాసం

1937లో అరిజోనా రాష్ట్రంలో, స్కాట్స్‌డేల్ సమీపాన, మెక్‌డోవెల్ పర్వతాల పాదం వద్ద స్థలం కొని శీతాకాలపు నివాసం ప్రారంభించాడు. ఇది టాలియెసిన్ వెస్ట్. ఎడారి రాళ్ళను చెక్క అచ్చులలో పేర్చి, మధ్య కాంక్రీటు పోసి, ఏటవాలు గోడలు కట్టారు. వాలుగా నిలిపిన కలప దూలాలపై మొదట గుడ్డ కప్పారు. ఎండ వెలుతురు దానిగుండా మెత్తగా దిగేది.

1940ల చివర ఈ చోటికి ఎదురుగా లోయలో విద్యుత్ స్తంభాలు వెలిశాయి. రైట్ అధ్యక్షుడు ట్రూమన్ వరకు మొరపెట్టుకొన్నాడు, ఫలితం లేకపోయింది. చివరకు లోయకు వీపు త్రిప్పి, ప్రవేశద్వారాన్ని భవనం వెనుకవైపునకు మార్చాడు.

మరణం

1959లో రైట్ ఫీనిక్స్‌లో మరణించాడు. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆరు నెలల తరువాత తెరవబడింది. పై మూడు ఇళ్ళతో సహా ఇతని ఎనిమిది కట్టడాలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైట్ దేహాన్ని మొదట టాలియెసిన్ లోయలోని కుటుంబ శ్మశానంలో పూడ్చారు. 1985లో ఒల్గివానా మరణించిన తరువాత, ఆమె కోరిక మేరకు దానిని వెలికితీసి దహనంచేసి, బూడిదను అరిజోనాకు తరలించారు. స్ప్రింగ్ గ్రీన్‌లో పలువురు దీనికి నొచ్చుకొన్నారు.