ఆచార్య జగదీశచంద్ర బోసు: ప్రతిధ్వనిని మ్రింగిన తడి కాగితము

అంబాజీపేటలో సరకు ఖాళీయైన కొబ్బరి కొట్టున నిలిచి ఎవరినైన బిగ్గరగా పిలిచి చూడుడు. గోడలనుండి మరలిన మొదటి మాట రెండవ మాటపై బడి దానిని కలచివేయును. గది లోపల తీగలేక నడచు వార్తకును ఇదే యిక్కట్టు. సుమారు నూట ముప్పది ఏండ్లకు పూర్వమే ఇట్టి యిక్కట్టుతో పెనగులాడిన భారతీయులు ఆచార్య జగదీశచంద్ర బోసుగారు.

వారు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున మైమనసింగులో జన్మించిరి. తండ్రి ప్రభుత్వోద్యోగియయ్యు, కుమారుని మొదట రైతుల, జాలరుల బిడ్డలతోపాటు వంగభాషా పాఠశాలకే పంపెను. ఇంగ్లండున చదువు ముగించి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైరి. ఒకే పనికి తెల్లవారికంటె తక్కువ జీతమేర్పడగా, మూడేండ్లు జీతము ముట్టకయే బోధించిరి. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి బాకీతోకూడ పూర్తి జీతమును చెల్లించెను.

చిన్న గది ప్రయోగశాల. పరికరములు చేయుటకు ఒక రేకుపనివాడు. 1895లో కలకత్తా టౌనుహాలున గోడల కావల గంట మ్రోగించి, మందుగుండును పేల్చి చూపిరి. హెర్ట్‌జ్ పండితుని దీర్ఘ తరంగములకు మారుగ, 5 మిల్లీమీటర్ల తరంగములను పుట్టించిరి. ఇట్టి తరంగము లోహమునకు తగిలి వెలుతురువలె మరలును. అడ్డదారిన వచ్చి కొలతను తప్పించును. అందుచే గొట్టము లోపల రసాయన ద్రవమున తడిపిన అద్దుడు కాగితమును పరచిరి. చెదరిన తరంగమును ఆ కాగితము మ్రింగివేసెను.

నేడు అదే 5 మిల్లీమీటర్ల తరంగముతో గది లోపల సెకనుకు వంద కోట్లకు మించిన సంకేతములను పంపగలుగుచున్నారు. 3 మీటర్లు చుట్టుతిరిగి వచ్చిన తరంగము సెకనులో 10 కోట్లవ వంతు ఆలస్యమగును. ఈలోపల పది సంకేతములు గడచిపోవును; మొదటిదాని ప్రతిధ్వని పదునొకండవ దానిని చెరచును. దారి భేదము రెండున్నర మిల్లీమీటర్లే యైనచో అసలు తరంగమే అణగిపోవచ్చును. ప్రతిధ్వనిని గణితముచే తీసివేయుట, కిరణమును సన్నగ మలచుట నేటి చికిత్సలు. కిరణమును ఒక దిక్కునకు మలచు గరాటును బోసుగారు ఆనాడే వాడిరి.

1897లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనున వీనిని ప్రదర్శించిరి. మిత్రుల ప్రేరణమున 1904లో అమెరికా పేటెంటు పొందియు దానిని ధనార్జనకు వినియోగింపలేదు. 1917లో విజ్ఞానమందిరమును స్థాపించి జాతికంకితము చేసి, 1937 నవంబరు 23న గిరిడిలో దివంగతులైరి.

పరికరములు లేవను సాకు వారు చెప్పలేదు. తడి కాగితముతోనే పని సాధించిరి. మన విద్యార్థులు నేర్వవలసినది తరంగశాస్త్రముతోపాటు ఈ పట్టుదలయు.