పనివారి చెలిమి: ధవళేశ్వరపు కాటన్

ఆత్రేయపురమనగనే తెలుగువానికి పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీట ముంచిన గుడ్డను దానిపై నొక్కమారు పఱచి తీసినంతనే పొరవంటి రేకు తేలును. ఈ నేర్పునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక పొయ్యికడ నేర్చినది మఱియొక పొయ్యికి చేరుటచేతనే యది యొక యింటి గుట్టుగా నుండిపోక యూరికి జీవనోపాధి యైనది. రేకునకు బియ్యము కావలెను. బియ్యమునకు నీరు కావలెను. ఆ నీరు బొబ్బర్లంకకడ గోదావరిని విడిచి, ఊరి చెంతనున్న లొల్ల లాకులవద్ద చీలి, కోనసీమకు పాఱుచున్నది. దానిని నదినుండి మరల్చిన సర్ ఆర్థర్ కాటన్ జీవితమును నేడు స్మరింపదలచితిమి. ఆయన ఆనకట్ట కట్టినవాడని యెల్లరు నెఱుగుదురు. తన పనిని ప్రేమించువానికి సాటి పనివారియెడ సహజముగా గలుగు చెలిమి ఆయనచే నేమి చేయించెనో చూపుటయే మా యుద్దేశము.

కాటన్ 1803 మే 15వ తేదీని ఇంగ్లండున జన్మించెను. మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి 1821లో ఈ దేశమునకు వచ్చెను. పిమ్మట తంజావూరు సీమలో కావేరీ కాలువల పని ఆయనకు లభించెను. అచ్చట కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధిగన్న కల్లణ యున్నది. పాలకజాతికి చెందిన యువకుడు దానిని నాటు పనియని త్రోసిపుచ్చినను అడుగువారు లేరు. ఆయన యట్లు చేయలేదు. గురువు నెదుట శిష్యునివలె దానిని పరిశీలించెను. అడుగున బండ తగులని నదిలో, వదులు ఇసుకమీద కట్టడము నిలుచుటెట్లు? ఇసుకలో మోటురాళ్లను గుట్టలుగా దింపి, అవి క్రుంగి స్థిరపడిన పిమ్మట పైకట్టడము సాగించుటయే పూర్వుల యుపాయము. ఆ రహస్యమును తాను ఈ దేశపు ప్రాచీన నిర్మాతలవద్దనే నేర్చితినని కాటన్ తన వ్రాతలలో దాపరికము లేక యంగీకరించెను. పేరైనను తెలియని ఆ పనివారితో శతాబ్దముల కీవల నుండియు ఆయన చేసిన స్నేహమది. దాని ఫలముగా 1836లో కొళ్లిడముపై ఆనకట్టలు లేచినవి.

అప్పటికి గోదావరిసీమ శిథిలమగుచుండెను. 1833 నాటి డొక్కల కఱవును పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. రాజమహేంద్రవరము జిల్లాలో 1821న 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. నది నిండుగా పాఱుచుండ దాని యొడ్డున ప్రజలు మాడిరి! 1844, 1845 సంవత్సరములలో కాటన్ పంపిన నివేదికల మీదట కుంపిణీవారు అనుమతి నిచ్చిరి. శిస్తు తఱిగిపోవుచుండుట గాక, కేవలము జాలియే వారిని కదల్చెనని మేము నమ్మము. నీటిపనులకు వ్యయము చేయని పాలకులను కాటనే పలుమారులు నిందించెను.

1847లో పని యారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా, మొత్తము సుమారు పండ్రెండువేల అడుగుల కట్టడమది. ధవళేశ్వరపు కొండ రాయినిచ్చెను. ఎగువ యడవులు టేకు నిచ్చినవి. పదివేలమంది దనుక పనిచేసిరి. రాతిపనివారు, మేస్త్రీలు, కమ్మరులు, పడవవారు కూడిన ఆ సేనకును దొరలకును నడుమ వీణెం వీరన్న వంతెనవలె నిలిచెను. కూలీలను కూర్చుటయందును, పని నడుపుటయందును ఆయన కాటన్‌కు కుడిభుజమైన సంగతి గోదావరి ప్రజలు నేటికిని మఱువలేదు. 1848లో కాటన్ జబ్బుపడి సెలవుపై పోగా, ఆర్ అను ఇంజనీరు పనిని ఆగనీయక సాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. పిమ్మట హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరమున వైనతేయముపై 49 కమానుల కట్టడముతో నీటిని నదికి పైగా నడిపి నగరములంకకు చేర్చెను. ఒకని విద్య పదుగురి విద్యయైనప్పుడే యిట్టివి సాధ్యములు.

కాటన్‌కు 1861లో సర్ బిరుదము వచ్చెను. రైళ్లకంటె జలమార్గములే ఈ దేశమునకు మేలని పట్టుపట్టి పలువురి విరోధమును గొనితెచ్చుకొనెను. 1878లో పార్లమెంటు సంఘము నెదుట తన వాదమును వినిపించినను నెగ్గలేదు. 1899 జూలైలో, 96వ యేట, డార్కింగున మరణించెను. ఆయన ఆనకట్ట స్థానమున 1982 నాటికి నూతన బ్యారేజీ పూర్తియైనను, పేరుమాత్రము ఆయనదే నిలిచినది.

పరపాలనను ద్వేషించిన జాతి ఆ పాలకుల యుద్యోగికి విగ్రహములేల నిలుపవలెనని కొందఱు ప్రశ్నింతురు. మా సమాధానమిది: పాలకుడు ఆజ్ఞాపించును, పనివాడు అడిగి తెలిసికొనును. కాటన్ యందు ఈ రెండవవాడే మనకు పూజ్యుడు. అయితే ఆ పూజ ఆయనతోనే ముగిసినచో, ఆయన చూపిన మర్యాదను మనమే తప్పినవారమగుదుము. కల్లణ నిర్మాతల ఋణమును ఆయన యొప్పుకొనెను. ధవళేశ్వరమున రాళ్లు మోసిన పదివేలమంది ఋణమును మనమొప్పుకొనవలదా? విగ్రహమునకు పూలమాల వేయు ప్రతియూరును, ఆ ఇసుకలో చెమటోడ్చిన తాతముత్తాతల పేర్లను వృద్ధులనుండి సేకరించి వ్రాసియుంచుట కనీసధర్మము. నేర్పు గలవాడు దానిని దాచుకొన్న అతనితోనే యది నశించును. పంచిపెట్టిన కాలువనీటివలె పొలమునుండి పొలమునకు సాగును.